ఇతర ఖర్చులు



హైదరాబాదు నుంచి బస్సులో వస్తుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటాక, కాజీపేట ఇంకా రాకముందు మడికొండ తగులుతుంది. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి ఊరు. కాళోజీ చిన్నప్పుడు చదువుకున్న ఊరు. ఇప్పటి పిల్లలనడిగితే ఇంకో గుర్తు కూడా చెప్తారు, ఐటీ పార్కు అని. 2020 జనవరి 7న అప్పటి ఐటీ మంత్రి కె. తారక రామారావు ఇక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల కేంద్రాలను ప్రారంభించారు. ఇంజనీరింగు పూర్తికాగానే పెట్టె సర్దుకొని అమీర్‌పేట బస్సెక్కే మన పిల్లల్లో కొందరైనా అమ్మ చేతి అన్నం తిని డ్యూటీకి పోయే వీలు అప్పటి నుంచి కలిగింది.

ఇలాంటి కేంద్రాల్లో జరిగే పని ఏమిటో తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఎక్కడో అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న సంస్థ తన పనిలో ఒక భాగాన్ని బయటి కంపెనీకి అప్పజెప్తుంది. అది ఇంజనీరింగు డ్రాయింగులు కావచ్చు, సాఫ్ట్‌వేర్ నిర్వహణ కావచ్చు, జమాఖర్చుల నమోదు కావచ్చు, ఖాతాదారుల ఫోన్లకు జవాబు చెప్పడం కావచ్చు. గంటకింత అనో మనిషికింత అనో డబ్బు కడుతుంది. ఆ పనిని ఇక్కడ దగ్గరుండి నడిపించే మనిషిని డెలివరీ మేనేజర్ అంటారు, సెంటర్ హెడ్ అంటారు. ఈ ప్రసంగం వాళ్ల కోసం.

లంచం అనగానే మనకు రిజిస్ట్రేషన్ ఆఫీసు, పట్టా పాసుపుస్తకం, కరెంటు మీటరు కళ్లముందుకొస్తాయి. మెళ్లో బ్యాడ్జి తగిలించుకొని, రాత్రిళ్లు లండనుతో, తెల్లవారుజామున న్యూయార్కుతో మాట్లాడే మేనేజరుకు దాంతో ఏం సంబంధం అనిపిస్తుంది. చాలామంది మేనేజర్లు కూడా అలాగే అనుకుంటారు. ఏడాదికోసారి కంప్యూటర్ తెర మీద లంచాల నిరోధక శిక్షణ అని ఒకటి వస్తుంది. గంటసేపు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయి చివర పది ప్రశ్నలకు టిక్కులు పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటారు. ఆ శిక్షణలో చూపించే బొమ్మలో ఎప్పుడూ ఒక సూట్‌కేసు ఉంటుంది, అందులో నోట్ల కట్టలుంటాయి. నాకు ఆ బొమ్మ మీదే అభ్యంతరం. ఈ వ్యాపారంలో లంచం సూట్‌కేసులో పోవడం తక్కువ. వేరెవరిదో బిల్లులో దూరి పోతుంది. ఆ బిల్లు మీద సంతకం మేనేజరుది.

జనవరి 7 అని చెప్పాను కదా. సరిగ్గా పదకొండేళ్ల ముందు, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తమ లెక్కలు ఏళ్ల తరబడి తప్పుగా చూపించామని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. ఆ కథ తెలుగు ఇళ్లలో తెలియనివారు లేరు. దాని ముందు డిసెంబరులో వచ్చిన ఇంకో వార్త మాత్రం ఆ తుపానులో కొట్టుకుపోయింది. తన దగ్గర ఏ పనికీ పోటీపడకుండా సత్యం కంపెనీని 8 ఏళ్ల పాటు నిషేధించినట్టు ప్రపంచ బ్యాంకు 2008 డిసెంబరులో ధ్రువీకరించింది. నిషేధం ఆ ఏడాది సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది. బ్యాంకు చెప్పిన కారణాలు రెండు. బ్యాంకు సిబ్బందికి అనుచితమైన ప్రయోజనాలు కల్పించడం ఒకటి. సబ్‌కాంట్రాక్టర్ల పేరిట వసూలు చేసిన ఫీజులకు తగిన పత్రాలు చూపలేకపోవడం రెండోది. సత్యం అప్పట్లో ఆ మాటలు వెనక్కి తీసుకొని క్షమాపణ చెప్పాలని డిమాండ్ చేసింది. బ్యాంకు తన మాట మీదే నిలబడింది.

లెక్కల కుంభకోణం వేరు, ఇది వేరు. రెండూ కలిపి చెప్పుకోవడం వల్ల ఈ రెండో సంగతి నుంచి నేర్చుకోవాల్సింది మరుగున పడిపోయింది. ప్రపంచ బ్యాంకు సత్యానికి క్లయింటు. అంటే మనం పని చేసిపెట్టే సంస్థ. అక్కడి ఉద్యోగికి ఏదో మేలు చేస్తే మనకు పని దొరుకుతుందనే ఆశ, మండలాఫీసులో ఫైలు కదలాలనే ఆశ కన్నా వేరైనదేమీ కాదు. ఆ రెండో కారణం చూడండి. సబ్‌కాంట్రాక్టరు బిల్లుకు ఆధారాలేవి అని బ్యాంకు అడిగింది. లంచం ఇచ్చారని నిరూపించడం కష్టం కావచ్చు. బిల్లుకు ఆధారం లేదని చూపడం చాలా తేలిక.

ప్రపంచ బ్యాంకు జాబితాలో సత్యం ఒక్కటే లేదు. 2009 జనవరిలో బ్యాంకు తాను దూరం పెట్టిన కంపెనీల పేర్లు బయటపెట్టినప్పుడు విప్రో పేరు కూడా వచ్చింది. 2000 సంవత్సరంలో అమెరికాలో షేర్లు విడుదల చేసినప్పుడు ప్రపంచ బ్యాంకు అధికారులకు కొన్ని షేర్లు కేటాయించడం దానికి కారణం. అలా కేటాయించే పథకం చట్టబద్ధమైనదేనని, అందులో దాపరికం లేదని కంపెనీ చెప్పుకుంది. అయినా క్లయింటు దానిని తన సిబ్బందికి అందిన అనుచిత ప్రయోజనంగానే లెక్కగట్టింది. చట్టం ఒప్పుకున్నది క్లయింటు ఒప్పుకోకపోవచ్చు. కాంట్రాక్టులో క్లయింటు నియమావళి అనే అనుబంధం ఒకటి చివర కుట్టి ఉంటుంది. దాన్ని చదివిన మేనేజర్లు ఎంతమంది ఉంటారో నాకనుమానమే.

2009 ఏప్రిల్‌లో సత్యాన్ని టెక్ మహీంద్రా కొనుక్కుంది. 2013లో తనలో కలిపేసుకుంది. ఏడేళ్లకు అదే టెక్ మహీంద్రా మన మడికొండకు వచ్చింది. ఇది నిందగా చెప్పడం లేదు. మునిగిన పడవను ఒడ్డుకు లాగినవాళ్లు వాళ్లు. కానీ ఈ ఊరి పార్కుకు ఆ చరిత్రతో ఒక దారం ఉందని మనకు తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు చెన్నై పోదాం. 2014లో కాగ్నిజెంట్ అక్కడ ఒక పెద్ద క్యాంపస్ కడుతోంది. 27 లక్షల చదరపు అడుగులు, 17,000 మంది కూర్చునే భవనం. దానికి ప్లానింగ్ అనుమతి కావాలి. తమిళనాడు ప్రభుత్వాధికారి ఒకరు 20 లక్షల డాలర్లు అడిగినట్టు అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆరోపించింది. డబ్బు కంపెనీ నుంచి నేరుగా పోలేదు. భవనం కడుతున్న కాంట్రాక్టరు ద్వారా ఏర్పాటైంది. మరి ఆ కాంట్రాక్టరుకు తిరిగి ఎలా ఇవ్వాలి? పని మధ్యలో మార్పులు వచ్చాయి, అదనపు ఖర్చయింది అంటూ రాసే కాగితాలు ఉంటాయి, చేంజ్ ఆర్డర్లు అంటారు. ఇల్లు కట్టించుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. మేస్త్రి "గోడ ఇటు జరిపినం, కిటికీ పెద్దగ చేసినం" అని చెప్పి పైసలు పెంచుతాడు. అలాంటి మార్పుల పద్దుల్లో 25 లక్షల డాలర్లు కలిపి కాంట్రాక్టరుకు ముట్టజెప్పారన్నది ఆరోపణ. అడిగింది 20, పద్దులో పోయింది 25. మధ్యవాడు ఊరికే సాయం చేయడు కదా.

ఈ సంగతి బోర్డుకు తెలిసిన రెండు వారాల్లోపే కంపెనీ తానే అమెరికా ప్రభుత్వానికి చెప్పింది. అందువల్ల న్యాయశాఖ కంపెనీ మీద కేసు పెట్టకుండా వదిలింది. అయినా 2019 ఫిబ్రవరిలో సెక్యూరిటీస్ కమిషన్‌తో జరిగిన రాజీలో, ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా, దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. కంపెనీలో అప్పటి ఇద్దరు పెద్ద అధికారుల మీద విడిగా క్రిమినల్ కేసు నడిచింది. వాళ్లు ఆరోపణలు ఒప్పుకోలేదు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వమే ఆ కేసు వదులుకుంది. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఈ వ్యవహారంలో కింది స్థాయి మనుషులను ఒకసారి ఊహించుకోండి. ఆ చేంజ్ ఆర్డర్లు ఎవరో టైపు చేశారు. ఎవరో సరిచూశారు. ఎవరో సంతకం పెట్టారు. ఆ వరుసలో ఎవరో ఒకరు, ఈ పని మనం ఎప్పుడో వద్దన్నాం కదా, దీనికి ఇప్పుడెందుకు డబ్బు అని అడిగి ఉంటే ఆ కాగితం ముందుకు పోయేది కాదు.

చట్టాల సంగతి త్వరగా ముగిస్తాను, రేడియోలో సెక్షన్లు వినడం ఎవరికీ ఇష్టముండదు. మూడు దేశాల చట్టాలు మడికొండ మేనేజరు బల్ల మీద వాలే వీలుంది. అమెరికా వాళ్లది 1977 నాటిది, విదేశీ ప్రభుత్వాధికారులకు లంచం ఇవ్వడాన్ని నేరం చేసింది. ప్రపంచ బ్యాంకు లాంటి అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. అమెరికా మార్కెట్లో షేర్లున్న కంపెనీలకు ఇంకో షరతు పెట్టింది: ఖాతాల్లో ఉన్నది ఉన్నట్టు రాయాలి. లంచం రుజువు కాకపోయినా, దాన్ని కన్సల్టెన్సీ ఫీజు అని రాసినందుకే పట్టుకోవచ్చు. బ్రిటన్ వాళ్లది 2010లో చేసి 2011 జూలై 1 నుంచి అమలు చేసిన చట్టం. ఇది ప్రైవేటు వ్యక్తికి ఇచ్చే లంచాన్ని కూడా వదలదు. పని త్వరగా కావడానికి ఇచ్చే చిన్నమొత్తాలను అమెరికా చట్టం కొంత చూసీచూడనట్టు పోతుంది, బ్రిటన్ చట్టంలో ఆ వెసులుబాటు లేదు. కంపెనీ తరఫున పనిచేసే వాళ్లెవరైనా లంచమిస్తే, దాన్ని ఆపడానికి తగిన ఏర్పాట్లు చేసుకున్నామని చూపలేకపోతే కంపెనీ దోషి అవుతుంది.

మూడోది మనది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఆ ఏడాది జూలై 26 నుంచి లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే, 7 ఏళ్ల దాకా శిక్ష. కంపెనీ కోసం ఎవరైనా ప్రభుత్వోద్యోగికి లంచమిస్తే కంపెనీకి జరిమానా. ఆ ఇచ్చిన మనిషి కంపెనీ ఉద్యోగే కానక్కరలేదు, కంపెనీకి సేవలందించే ఏజెంటైనా చాలు. పదో సెక్షన్ ఇంకో మెట్టెక్కి డైరెక్టరు, మేనేజరు, సెక్రటరీ అని పేర్లు పెట్టి మరీ చెప్పింది. వాళ్ల అంగీకారంతో గాని, తెలిసీ కళ్లు మూసుకోవడం వల్ల గాని ఆ నేరం జరిగిందని రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 7 ఏళ్లు జైలు. ఇచ్చినవాడికి కనీస శిక్ష అంటూ లేదు, కళ్లు మూసుకున్న మేనేజరుకు ఉంది. ఈ తేడా గమనించమని నా మనవి.

ఇక మన ఊరికొద్దాం. మడికొండలో ఒక సెంటర్ హెడ్ ఉన్నాడనుకుందాం. ఇంకో అంతస్తు తీసుకున్నారు. దానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి, కరెంటు లోడు పెంచాలి, ఇంకా నాలుగైదు కాగితాలు కావాలి. క్లయింటు వచ్చే నెల ఒకటో తారీఖున వంద మందిని కూర్చోబెట్టమన్నాడు. ఆలస్యమైతే కాంట్రాక్టులో జరిమానా. ఈ లైజనింగ్ పని చూడటానికి హన్మకొండలో ఒకాయన ఉంటాడు. అన్ని ఆఫీసుల్లోనూ తెలిసినవాళ్లుంటారు. మన సెంటర్ హెడ్ ఆయనకు ఫోన్ చేస్తాడు.

"అన్నా, ఎట్లయితది? టైము లేదు."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను చూసుకుంట."

కాగితాలు వారంలో వస్తాయి. దాంతోపాటు బిల్లు వస్తుంది. ప్రభుత్వ ఫీజు ఇంత, దానికి రసీదు ఉంది. సర్వీసు చార్జీ ఇంత. చివరి గీత కింద: ఇతర ఖర్చులు. దానికి రసీదు లేదు. ఫీజుకు రెండింతలుంటుంది.

మన వ్యవస్థలో ఇది తప్పనిసరి అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది, కొంత సోమరితనముంది. తెలంగాణలో 2014లో చేసిన టీఎస్ ఐపాస్ చట్టం ప్రకారం పరిశ్రమలకు కావాల్సిన అనుమతులకు ఆన్‌లైన్‌లో ఒకేచోట దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు ఉంటుంది. మామూలు పరిశ్రమలకు 30 రోజులు, మెగా ప్రాజెక్టులకు 15 రోజులు. ఆ గడువులో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇంత వసతి ఉండి కూడా మేనేజరు మధ్యవాడి దగ్గరికి ఎందుకు పోతాడంటే, క్లయింటుకు తేదీ ముందే ఇచ్చేశాడు కాబట్టి. అనుమతికి 30 రోజులు పట్టవచ్చని తెలిసీ 10 రోజుల్లో సీట్లు సిద్ధమని ఒప్పుకున్నాడు. లంచం పుట్టింది ఆ ఆఫీసు బల్ల దగ్గర అనుకుంటాం. నిజానికి అది క్లయింటుతో వీడియో కాల్‌లో తేదీ ఒప్పుకున్నప్పుడే పుట్టింది. అందుకని నన్నడిగితే లంచాల నిరోధక శిక్షణ కంపెనీ లీగల్ విభాగం కన్నా ముందు సేల్స్ విభాగానికి ఇవ్వాలి.

ఆ బిల్లు వచ్చినప్పుడు మేనేజరు ఏం చేయాలి? ఇతర ఖర్చులంటే ఏమిటో విడగొట్టి రాయమనాలి. జిరాక్సులా, ప్రయాణాలా, ఎవరికి ఎంత? ఆయన "మీకు తెల్వదా సార్" అని నవ్వితే, ఆ నవ్వుతోనే మేనేజరుకు తెలిసిపోయినట్టు. ఆ తర్వాత సంతకం పెడితే పదో సెక్షన్ చెప్పేది ఆ సంతకం గురించే. ఇంకా మంచిది, ఆయన్ను పనిలో పెట్టుకునే రోజే కాగితం రాయించుకోవడం. ఫీజు ఎంత, దేనికి, ప్రభుత్వోద్యోగులకు ఏమీ ఇవ్వకూడదని, అడిగినప్పుడు లెక్కలు చూపాలని. పెద్ద ఆఫీసుల్లో ఈ కాగితం ఉంటుంది. మధ్యవాడు దాన్ని చదవకుండానే సంతకం పెడతాడు, మేనేజరు కూడా చదవకుండానే ఫైల్లో పెడతాడు.

మడికొండలో ఇంకో చిక్కుంది, అది హైటెక్ సిటీలో అంతగా లేదు. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. రాత్రి షిఫ్టు ఆడపిల్లలను ఇళ్ల దగ్గర దించే క్యాబుల కాంట్రాక్టు మేనేజరు బావమరిదికే రావచ్చు. క్యాంటీన్ నడిపేది ఆయన కాలేజీ దోస్తు కావచ్చు. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లది ఆయన పక్క ఊరే కావచ్చు. ఇందులో తప్పేమీ లేదు, చెప్పుకున్నంత వరకు. ఆయన నా బావమరిది, కాబట్టి ఈ కొటేషన్లు నేను చూడను, ఇంకొకరు చూస్తారు అని ముందే రాసి ఇస్తే ఆ విషయం అక్కడితో అయిపోతుంది. చెప్పకుండా ఇస్తే, బావమరిది నిజాయితీపరుడైనా ఎవరూ నమ్మరు. క్యాబుకింత అని నెలనెలా కమీషన్ ముట్టడం మొదలైతే, అది కిలోమీటర్ల లెక్కలో తేలుతుంది. కాజీపేట నుంచి మడికొండకు ఎంత దూరమో ఈ ఊళ్లో పిల్లవాడికి కూడా తెలుసు. ట్రిప్పుకు ఇరవై కిలోమీటర్లు రాసుకుంటే ఆడిటర్ ఫోన్‌లో మ్యాపు తెరిచి చూస్తాడు, అంతే.

ఇక ఉద్యోగాల సంగతి. వరంగల్ చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలెన్ని ఉన్నాయో మీకు చెప్పనక్కరలేదు. పిల్లాడికి ఉద్యోగం రావాలని తండ్రి ఎకరం అమ్మడానికి కూడా సిద్ధపడతాడు. దాన్ని వాడుకునేవాళ్లున్నారు. బ్యాక్‌డోర్ జాబ్ అని, లక్షలు తీసుకొని ఆఫర్ లెటర్ చేతిలో పెట్టే కన్సల్టెన్సీల గురించి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. వీటిలో కొన్ని పచ్చి మోసాలు, లెటరే నకిలీది. మిగతావాటికి లోపల మనిషి ఉంటాడు. 2023లో టీసీఎస్‌లో బయటపడింది రెండో రకానికి దగ్గరగా ఉంటుంది. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల నుంచి సిబ్బంది ప్రయోజనాలు పొందారన్న ఫిర్యాదు మీద కంపెనీ విచారణ జరిపింది. 19 మంది ప్రమేయం ఉందని తేల్చి 16 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది, ముగ్గురిని ఆ విభాగం నుంచి తప్పించింది. 6 ఏజెన్సీలను నిషేధించింది.

ఇక్కడ లంచం తీసుకున్నది ప్రభుత్వోద్యోగి కాదు. మన అవినీతి నిరోధక చట్టం ప్రభుత్వ సేవకుల చుట్టూ అల్లింది, ప్రైవేటువాడు ప్రైవేటువాడికి ఇచ్చే లంచం దాని పరిధిలో లేదు. దాంతో చాలామందికి ఒక ధైర్యం. కానీ మోసం, నమ్మకద్రోహం నేరాల కిందికి ఇవి రావచ్చు. క్లయింటు బ్రిటన్ వాళ్లయితే వాళ్ల చట్టానికి ఈ తేడా లేదని ఇందాకే చెప్పాను. దీని ఖర్చు చివరికి క్లయింటు మీదే పడుతుంది. లక్షలిచ్చి చేరిన పిల్లాడి గంటలకు కూడా పూర్తి రేటే వేస్తారు కదా. మేనేజరు ఇందులో డబ్బు ముట్టకపోవచ్చు. ఇంటర్వ్యూలో ఒకరు, చేరిన రోజు ఇంకొకరు కనబడినా, ఏజెన్సీ పంపిన మనిషి కదా అని ఊరుకోవచ్చు. ఆ నెలాఖరుకు ఏజెన్సీ బిల్లు వస్తుంది, ఆయనే సంతకం పెడతాడు.

బహుమతుల మాటకొస్తే, మన దగ్గర మర్యాద ఎక్కువ. విదేశీ క్లయింటు వచ్చాడంటే కాకతీయ తోరణం బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇవ్వకుండా పంపము. పెంబర్తి ఇత్తడి దీపం ఇస్తాం, వరంగల్ జంపఖానా ఇస్తాం. వేయి స్తంభాల గుడి చూపిస్తాం, వీలుంటే రామప్ప తీసుకుపోతాం. వీటితో చిక్కు లేదు, ఆఫీసు బహుమతుల పుస్తకంలో రాసి, అందరి ముందు ఇస్తే. దసరాకు స్వీట్ల డబ్బా పంపినా అంతే. కానీ ఆ స్వీట్ల డబ్బాలో అరతులం బంగారు నాణెం పెడితే అది బహుమతి కాదు. కాంట్రాక్టు పునరుద్ధరణ వచ్చే వారం ఉండగా ఈ వారం క్లయింటు అధికారిని కుటుంబంతో సహా గోవా పంపినా కాదు. క్లయింటు తరఫున నాణ్యత చూడటానికి వచ్చిన ఆడిటర్‌కు ఇచ్చేది మాత్రం ఎంత చిన్నదైనా నాకు నచ్చదు. ఆయనకు టీ, భోజనం చాలు. మేడారం బెల్లం ప్రసాదం పెట్టినా ఎవరూ తప్పుపట్టరు.

బిల్లు పెంచడం గురించే మాట్లాడాను. తగ్గించడంలో కూడా లంచం దాగుతుంది. ఒరాకిల్ కంపెనీ భారత విభాగం సంగతి 2022లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ బయటపెట్టింది. మన రైల్వే శాఖకు ఎక్కువ వాటా ఉన్న ఒక రవాణా సంస్థతో 2019లో జరిగిన అమ్మకం అది. పోటీ గట్టిగా ఉందంటూ 70 శాతం డిస్కౌంటు అనుమతి తెచ్చుకున్నారు, నిజానికి అక్కడ పోటీయే లేదు. తగ్గించిన ధరకూ వసూలైన ధరకూ మధ్య మిగిలిన సొమ్ములోంచి 67,000 డాలర్లు ఒక అధికారికి ఇవ్వడానికి అందుబాటులో ఉన్నట్టు సేల్స్ ఉద్యోగి స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్నాడట. టర్కీ, ఎమిరేట్స్ వ్యవహారాలతో కలిపి ఒరాకిల్ దాదాపు 2 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టి ఆ కేసు ముగించుకుంది. లంచాన్ని కూడా స్ప్రెడ్‌షీట్‌లో వరుస పెట్టి రాసుకోవడం మన ఐటీ వాళ్ల క్రమశిక్షణ అనుకోవాలి.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. 2025 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఆ 1977 చట్టం అమలును కొంతకాలం ఆపమని ఉత్తర్వు ఇచ్చారు. ఏప్రిల్‌లో కాగ్నిజెంట్ మాజీ అధికారుల కేసు వదిలేశారు. ఇంకేం, ఆ చట్టం పోయింది కదా అని కొందరు సంబరపడ్డారు. చట్టం పోలేదు, రద్దు కాలేదు. జూన్‌లో అక్కడి న్యాయశాఖ కొత్త మార్గదర్శకాలతో మళ్లీ పని మొదలుపెట్టింది. లంచం కేసు పెట్టడానికి అక్కడ మామూలుగా 5 ఏళ్ల గడువు ఉంటుంది, అధ్యక్షుడి పదవీకాలం 4 ఏళ్లు. లెక్క మీరే వేసుకోండి. బ్రిటన్ చట్టం మీద, మన చట్టం మీద వాషింగ్టన్ ఉత్తర్వు పనిచేయదు.

చివరగా, ఒక అధికారి నిజంగానే నోరు తెరిచి అడిగాడనుకోండి. ఇవ్వకపోతే ఎన్‌ఓసీ ఆపేస్తానన్నాడు. అప్పుడు మన చట్టంలో మేనేజరుకు ఒక దారి ఉంది. ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు, అంటే ఏసీబీకి చెప్తే, వాళ్లు వల పన్నుతారు. తెలంగాణలో 1064కు ఫోన్ చేస్తే చాలు. నోట్ల మీద ఫినాల్ఫ్తలీన్ పొడి రాస్తారు. తీసుకున్న చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి. పేపర్లో మీరు చూసే ఫోటోలు అవే. ఏసీబీకి చెప్పి, వాళ్ల కోసం ఇచ్చిన డబ్బు నేరం కాదు. వేరే గత్యంతరం లేక, బలవంతం మీద ఇచ్చేసినా, ఇచ్చిన రోజు నుంచి 7 రోజుల్లో పోలీసులకో ఏసీబీకో చెప్తే ఇచ్చినవాడికి రక్షణ ఉంది.

ఆ 7 రోజులూ పెద్ద కంపెనీకి చాలవు. మేనేజరు హైదరాబాదుకు మెయిల్ పెడతాడు, హైదరాబాదు బెంగళూరుకు పంపుతుంది, బెంగళూరు న్యూజెర్సీ లాయరును అడుగుతుంది, న్యూజెర్సీలో అప్పటికి శనివారం. తొమ్మిదో రోజున, విషయాన్ని పరిశీలిస్తున్నాం అని జవాబొస్తుంది. అందుకని 1064కు ఎవరు ఫోన్ చేయాలో, ఎవరినీ అడగకుండా చేసే అధికారం ఎవరికుందో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ మనిషి, ఆ మనిషి సెలవులో ఉంటే వారి బదులు ఇంకో మనిషి, ఇద్దరూ మడికొండ ఆఫీసులోనే కూర్చునేవాళ్లు అయ్యుండాలి.